ఇరుకు గట్టుకు ఎస్ప్రెసో మెషీన్: ముందు టేపు తీయండి

అట్టపెట్టె మీద రాసే వెడల్పు మెషీన్ వెడల్పు మాత్రమే. దాని ముందు నిలబడి కాఫీ తీసే చేతులకు కావాల్సిన జాగా ఆ లెక్కలో ఉండదు. చిన్న వంటగది ఉన్నవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. నా వంటగదిలో పొయ్యికీ సింకుకూ నడుమ మిగిలేది రెండు జానల గట్టు. కూరగాయలు తరగడం అక్కడే, గిన్నెలు ఆరబెట్టడం అక్కడే, కాఫీ కూడా అక్కడే. అందుకని ఏ మెషీన్ కొనమంటావని ఎవరైనా అడిగితే నేను బ్రాండు పేరు చెప్పను, ముందు గట్టు కొలిచి రమ్మంటాను.

పొడి నింపి బిగించే పిడి గిన్నెను పోర్టాఫిల్టర్ అంటారు. చాలా మెషీన్లలో దాన్ని ఎడమవైపు నుంచి ఎక్కించి, కుడికి తిప్పి బిగించాలి. బిగిసేసరికి పిడి నేరుగా మనకేసి ఉంటుంది. అంటే మెషీన్‌ను ఎడమ గోడకు ఆనించి మూలన పెడితే పిడి గోడకు తగులుతుంది, బిగించడానికి వీలుండదు. ఎడమవైపు ఒక జానెడైనా వదలండి. స్టీమ్ గొట్టం ఎక్కువగా కుడివైపుంటుంది, పాల జగ్గు పట్టుకుని వంచడానికి అటువైపూ కాస్త చోటు కావాలి. ముందువైపు పిడి బెత్తెడు పైనే పొడుచుకొస్తుంది. గట్టు అంచు దాటి బయటికొస్తే పక్కనుంచి వెళ్లేవాళ్ల మోచెయ్యి తగలడం ఖాయం.

తర్వాత ఎత్తు. పైన అలమారా ఉంటే మెషీన్ దాని కింద పట్టిందా లేదా అన్నది సగం ప్రశ్నే. నీళ్ల ట్యాంకు ఎలా బయటికొస్తుంది? కొన్నింటికి వెనకవైపు నుంచి నిలువునా పైకి లాగాలి. 30 సెంటీమీటర్ల మెషీన్‌కు అలాంటి ట్యాంకు ఉంటే, పైన ఇంకో 20 ఖాళీ లేకపోతే నీళ్లు పోయాల్సిన ప్రతిసారీ మొత్తం మెషీన్‌ను ముందుకు ఈడ్చుకోవాలి. చిన్న మెషీన్ల ట్యాంకులు లీటరు, లీటరున్నర దగ్గర ఆగిపోతాయి కాబట్టి ఈ ఈడ్పులు తప్పవు. పక్కకో ముందుకో జారే ట్యాంకు దొరికితే నేను దానికే ఓటేస్తాను. పైనున్నది చెక్క అలమారా అయితే ఇంకో సంగతి: రోజూ ఆవిరి తగిలితే ప్లైవుడ్ అంచులు ఉబ్బుతాయి. పాలు నురగ తీసేటప్పుడు మెషీన్ అలమారా అంచు దాటి ముందుకు ఉండేలా చూసుకోండి.

ఇవన్నీ ఊహించుకోవడం కష్టమైతే ఒక పని చేయండి. మీరనుకుంటున్న మెషీన్ కొలతలకు అట్టపెట్టె ఒకటి కత్తిరించి, టేపు అంటించి, గట్టు మీద పెట్టి మామూలుగా వంట చేసుకోండి. రెండో రోజుకే అది అడ్డమో కాదో మీ చేతులే చెప్తాయి.

బరువును కూడా కొలతల్లోనే కలుపుతాను. 15 సెంటీమీటర్ల వెడల్పుండే డెలాంగీ డెడికా లాంటి సన్నటి మెషీన్ నాలుగు కిలోల దరిదాపుల్లో ఉంటుంది. ఎత్తి పక్కన పెట్టడానికి హాయి. కానీ పిడి బిగించేటప్పుడు మెషీనే తిరుగుతుంది, రెండో చేత్తో దాని నెత్తిమీద అదిమి పట్టుకోవాలి. రాంచిలియో సిల్వియా 14 కిలోలు. కదలదు, మనం కదిలించలేం కూడా. చోటు చాలనివాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు.

ఇప్పుడు అసలు విషయం, గ్రైండర్. మెషీన్ కోసం నెలల తరబడి వెతికి, గ్రైండర్‌ను చివర్లో గుర్తుచేసుకునేవాళ్లే ఎక్కువ. దానికీ గట్టు మీద చోటు కావాలి కదా! దీన్ని ముందే తేల్చుకోవాలంటే బాస్కెట్ల సంగతి తెలియాలి. పోర్టాఫిల్టర్ లోపల కూర్చునే చిల్లుల గిన్నె బాస్కెట్. చవక మెషీన్లతో వచ్చే బాస్కెట్లకు తరచుగా అడుగున రెండు పొరలుంటాయి. లోపలి పొరకు బోలెడు చిల్లులు, బయటి పొరకు ఒకే ఒక్క సన్న చిల్లు. ఒత్తిడిని ఆ చిల్లే పుట్టిస్తుంది, పొడి కాదు. అందుకే కొన్న పొడి వేసినా పైన నురగ కనిపిస్తుంది, నాలుక మీదే తేడా తెలుస్తుంది. ఒకే పొర ఉన్న బాస్కెట్‌లో అలా కాదు. నీటికి అడ్డం నిలవాల్సింది పొడే. పొడి కాస్త బరకగా ఉన్నా నీళ్లు సర్రున దూకేస్తాయి, మరీ మెత్తనైతే చుక్కచుక్కగా కారతాయి.

మామూలు లెక్క ఇది: 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో. గ్రైండర్ మీద గీత కొంచెం జరిపితే ఆ సమయం ఇట్టే మారిపోతుంది. అలా జరపలేని గ్రైండర్‌తో ఎంత గొప్ప మెషీన్ ఉన్నా పప్పులుడకవు. చిన్న వంటగదికి నా తీర్పు: ఎస్ప్రెసోకు సరిపడేంత మెత్తగా ఆడే చేతి గ్రైండర్, దాంతో ఒక సన్నటి మెషీన్. పని కాగానే గ్రైండర్ సొరుగులోకి వెళ్లిపోతుంది. ఒక్క కప్పుకు చెయ్యి తిప్పడం పెద్ద కష్టమేమీ కాదు. ఇంట్లో నలుగురు వరసగా తాగుతారంటే మాత్రం కరెంటు గ్రైండర్ తప్పదు. గ్రైండర్ కలిసొచ్చే మెషీన్లు చూడముచ్చటగానే ఉంటాయి, ఒక్క ప్లగ్గుతో పోతుంది. అయితే వెడల్పు తరచుగా 30 సెంటీమీటర్లు దాటుతుంది, అందులో ఒకటి చెడితే రెండూ రిపేరుకు వెళ్లాలి.

పెట్టె మీద పెద్దక్షరాల్లో 15 బార్ అని ఉంటుంది. దాన్ని చూసి పొంగిపోకండి. అది పంపు కొట్టగలిగే గరిష్ఠ ఒత్తిడి. 1961లో ఫాయెమా కంపెనీ పంపుతో నడిచే ఈ61 మెషీన్ తెచ్చింది. పంపు మెషీన్లకు 9 బార్లే ప్రమాణమై ఇప్పటికీ అదే నడుస్తోంది. మంచి మెషీన్‌లో ఎక్కువైన ఒత్తిడిని వదిలేసే వాల్వు లోపల ఉంటుంది. 20 బార్ అని రాసినంత మాత్రాన కాఫీ రెట్టింపు బాగుండదు.

వేడెక్కే పద్ధతిని మీరు పాలతో తాగుతారా, వట్టిదే తాగుతారా అన్నదాన్ని బట్టి ఎంచుకోండి. థర్మోబ్లాక్ ఉన్నవాటిలో నీళ్లు సన్నటి దారుల గుండా పోతూ అప్పటికప్పుడు వేడెక్కుతాయి. బ్రెవిల్ బాంబినో ఇదే కోవలోది, 3 సెకన్లలో సిద్ధమని కంపెనీ మాట. నీళ్లు వేడెక్కుతాయి సరే, పోర్టాఫిల్టర్ లోహం చల్లగానే ఉంటుంది. పొడి లేకుండా ఒకసారి వేడి నీళ్లు దాని గుండా కప్పులోకి వదిలితే కప్పూ, పిడీ రెండూ వెచ్చబడతాయి. గాజియా క్లాసిక్ లాంటి, కాఫీకీ ఆవిరికీ నీళ్లు కాచే బాయిలర్ ఒక్కటే ఉండే మెషీన్లకు లోహమంతా వేడెక్కాలంటే పావుగంటైనా ఇవ్వాలి. కాఫీ తీశాక ఆవిరి కోసం మళ్లీ ఆగాలి, ఆవిరి తీసిన వెంటనే ఇంకో కాఫీ తీస్తే మాడు రుచి వస్తుంది, చల్లార్చాలి. వట్టి కాఫీ తాగేవారికి ఈ గొడవే లేదు. పొద్దున్నే హడావుడిగా రెండు కప్పుల లాటే (పాల కాఫీ) కావాలనేవారు థర్మోబ్లాక్ వైపే వెళ్లండి.

పాలు అసలు వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. ఫ్లెయిర్, కాఫెలాట్ రోబోట్ లాంటి చేతి లివర్ మెషీన్లకు కరెంటూ వద్దు, పంపూ వద్దు. కెటిల్‌లో నీళ్లు కాచి పోసి, లివర్ నొక్కితే ఒత్తిడి మీ చేతి బలం నుంచే వస్తుంది. ఫ్లెయిర్ విడదీస్తే అలమారాలోకి వెళ్లిపోతుంది. అన్నిటికంటే తక్కువ చోటు తీసుకునే నిజమైన ఎస్ప్రెసో ఇదే అంటాను. పొయ్యి మీద పెట్టే మోకా పాట్ చాలదా అని అడుగుతారు కొందరు. కాఫీ బాగుంటుంది, కానీ అందులో ఒత్తిడి ఒకటి రెండు బార్లకు మించదు, అది వేరే పానీయం.

ఇంకొన్ని చిల్లర విషయాలు. కప్పు కింద తూకం యంత్రం పెట్టి కాఫీ తీయాలనుకుంటే, కాఫీ కారే మూతికీ కింది డ్రిప్ ట్రేకీ మధ్య ఎత్తు కొలవండి. తూకమే రెండు సెంటీమీటర్లు తినేస్తుంది, చాలా చిన్న మెషీన్లలో మీ కప్పు ఇక పట్టదు. సొలనాయిడ్ వాల్వు ఉన్న మెషీన్ కాఫీ అయ్యాక మిగిలిన ఒత్తిడిని నీళ్లతో సహా ట్రేలోకి కక్కుతుంది. పిప్పి పొడిగా ఒక్క తట్టుకు రాలిపోతుంది, కానీ ట్రే త్వరగా నిండుతుంది. కరెంటు దగ్గర జాగ్రత్త: 1300, 1500 వాట్ల వస్తువు ఇది, మైక్రోవేవ్‌తో కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టకండి. నీళ్లలో సున్నం ఎక్కువైతే దాన్ని తగ్గించే ఫిల్టర్ నీళ్లు వాడండి, సన్నటి దారులు ముందు పూడిపోయేది సున్నంతోనే.

చివరగా, విడిభాగాలు దొరుకుతాయో లేదో చూడండి. పిడి బిగిసే చోట ఉండే రబ్బరు గ్యాస్కెట్ వేడికి గట్టిపడుతుంది. అంచుల నుంచి నీళ్లు కారడం మొదలైతే మార్చాల్సింది చాలాసార్లు అదొక్కటే. పోర్టాఫిల్టర్ వ్యాసం 58 మిల్లీమీటర్లైతే బాస్కెట్లూ, పొడిని అదిమే ట్యాంపర్లూ ఎక్కడైనా దొరుకుతాయి. 54కు పర్లేదు. 51 అయితే కొనే ముందే ఒకే పొర బాస్కెట్ ఆ మోడల్‌కు ఉందో లేదో అడిగి తేల్చుకోండి.