ఎండకు మొండికేసే పాత హోండా సిటీ వీటెక్: ఇంట్లోనే సమస్య పట్టుకుని బాగు చేసుకోవడం

1998లో మన దేశంలో మొదలై, 2003 చివర్లో ‘డాల్ఫిన్’ ఆకారం వచ్చేదాకా అమ్ముడైన మొదటి తరం హోండా సిటీల్లో 1.5 వీటెక్ (ఆర్‌పీఎం పెరిగినప్పుడు వాల్వులు ఎక్కువగా తెరుచుకునే ఇంజన్) అంటే ఇప్పటికీ చాలామందికి ప్రాణం. 1493 సీసీ ఇంజన్, 106 హార్స్‌పవర్. సెడాన్ బాడీ వేసుకున్న స్పోర్ట్స్ కారు అది. ఏపీ 24, ఏపీ 22 నంబర్ ప్లేట్లతో నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. దాన్ని నడుపుకుంటున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఈ బండిలో ఇంజన్ చెడిపోవడం తక్కువ. చెడేవి దాని చుట్టూ ఉండే సోల్డరింగ్, రబ్బరు, నీళ్లు. మన 44, 45 డిగ్రీల ఎండలు ఈ మూడింటినీ తొందరగా తినేస్తాయి. అందుకే పార్టులు మార్చడం మొదలుపెట్టే ముందు సమస్య ఎప్పుడు వస్తోందో చూడండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా? ఎండలో నిలబెట్టి తీసినప్పుడా? టౌన్‌లోనా, హైవే మీదా? ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. అది తేల్చకుండా పంపు, కాయిల్, ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) అని వరసగా మార్చుకుంటూ పోతే చేతి చమురు వదలడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. 8 నుంచి 19 వరకు సాకెట్ సెట్, మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే రేకుల సెట్), రెండు జాక్ స్టాండ్లు చాలు. స్టాండ్లు లేకుండా, జాకీ ఒక్కదాని మీదే లేపిన బండి కిందికి ఎవరూ దూరొద్దు.

ముందుగా బండి చెప్పేది చదవండి

చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంటే స్కానర్ కోసం వెతకాల్సిన పనిలేదు. ఎడమ సీటు వైపు డ్యాష్‌బోర్డ్ కింద, ఈసీఎం దగ్గర దేనికీ తగిలించకుండా వదిలేసిన రెండు పిన్నుల చిన్న కనెక్టర్ ఉంటుంది. ఆ రెండు పిన్నుల్నీ చిన్న వైరుతో కలిపి తాళం ఆన్ చేయండి, స్టార్ట్ చేయొద్దు. లైట్ మిణుకుమంటుంది. పొడుగు మిణుకు పది, పొట్టి మిణుకు ఒకటి. ఒక పొడుగు, నాలుగు పొట్టి వస్తే 14, అంటే ఐడిల్ వాల్వ్ (యాక్సిలరేటర్ నొక్కనప్పుడు ఇంజన్‌కు గాలి అందించేది). 3 మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి చెప్పేది). 6 నీళ్ల వేడి చెప్పే సెన్సర్. 7 థ్రాటిల్ సెన్సర్. 4, 8, 9, 15 వచ్చాయంటే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు స్పార్క్ కరెంట్ పంచే భాగం) వైపు చూడాలి. 21, 22 వీటెక్‌వి. కోడ్ వచ్చింది కదా అని సెన్సర్ మార్చేయకండి. దాని కనెక్టర్, వైరు ముందు చూడండి. ఎలుకలు కొరికిన వైర్లు మన ఊళ్లలో, ముఖ్యంగా పొలాల పక్కన ఇళ్లలో, మామూలే.

ఎండలో నిలబెట్టి వస్తే స్టార్ట్ కాదు, సాయంత్రం ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది

ఈ బండికి దక్షిణ తెలంగాణలో వచ్చే అసలు జబ్బు ఇదే. క్లాక్ టవర్ సెంటర్‌లో మిట్ట మధ్యాహ్నం పార్క్ చేసి గంట తర్వాత వస్తారు. స్టార్టర్ హుషారుగా తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. అద్దాలు దించి కాసేపు నీడలో ఆగితే ఒక్క తిప్పుకే అందుకుంటుంది. చాలాచోట్ల ‘పెట్రోల్ పంపు పోయింది’ అని చెప్పి కొత్త పంపు వేస్తారు. తర్వాత ఎండాకాలానికి మళ్లీ అదే టెన్షన్.

కారణం మెయిన్ రిలే. డ్రైవర్ వైపు డ్యాష్‌బోర్డ్ కింద బోల్టుతో బిగించిన ఏడు పిన్నుల చిన్న డబ్బా అది. పెట్రోల్ పంపుకు, ఇంజెక్టర్లకు, ఈసీఎంకు కరెంట్ దీని గుండానే పోతుంది. ఏళ్ల తరబడి క్యాబిన్ వేడెక్కి, చల్లారి, లోపలి సోల్డర్ పగుళ్లు తీస్తుంది. వేడికి ఆ పగులు తెరుచుకుంటే పంపుకు కరెంట్ ఆగిపోతుంది, చల్లబడితే మళ్లీ కలుస్తుంది.

రూఢి చేసుకోవాలంటే సమస్య వచ్చిన ఆ క్షణంలోనే చూడాలి. స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేయండి. వెనక సీటు కిందినుంచి రెండు సెకన్ల పాటు పంపు ‘జుయ్’మనాలి. చెక్ ఇంజన్ లైట్ వెలిగి రెండు సెకన్లకు ఆరిపోవాలి. పంపు పలకడం లేదంటే, నూటికి తొంభై పాళ్లు రిలేనే అనుకోండి. పంపు మీదే అనుమానం ఉంటే దాని కనెక్టర్ దగ్గర మీటర్ పెట్టి ఆ రెండు సెకన్లలో 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. కరెంట్ వస్తూ పంపు తిరగకపోతేనే పంపు తప్పు.

పరిష్కారానికి పెద్ద ఖర్చు లేదు. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. రిలే విప్పి, కవర్ పక్క క్లిప్పుల్ని సన్న స్క్రూడ్రైవర్‌తో నొక్కి తెరవండి. బోర్డు వెనక వైపు వెలుతురులో వంచి పట్టుకుని భూతద్దంతో చూడండి. మందమైన పిన్నుల చుట్టూ, సోల్డర్ మధ్యలో, వెంట్రుక మందం నల్లటి గీత గుండ్రంగా కనిపిస్తుంది. మామూలు కంటికి అదేదో మురికి అనిపిస్తుంది. పగులు అదే. దాని మీద కొత్త సోల్డర్ పూసి వదిలేయకండి, అలా చేస్తే మరుసటి ఏడాది మళ్లీ పగులుతుంది. పాత సోల్డర్ పూర్తిగా లాగేసి, ఫ్లక్స్ రాసి, పిన్ను కూడా బాగా వేడెక్కేలా ఐరన్ పెట్టి కొత్తది నింపండి. పగులు కనిపించినా కనిపించకపోయినా పెద్ద పిన్నులన్నింటికీ చేయండి. చెయ్యి తిరగకపోతే ఫోన్లు, టీవీలు బాగు చేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లండి, చేసిపెడతాడు.

నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఆగిపోతుంది

ఇక్కడ ఒక్క సెకను టాకోమీటర్ (ఆర్‌పీఎం చూపే మీటర్) ముల్లు చూడగలిగితే సగం రోగం తెలిసిపోతుంది. బండి గేర్‌లోనే ఉండి ఇంకా దొర్లుతుండగా ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోయిందంటే ఇగ్నిషన్ పోయినట్టు. డిస్ట్రిబ్యూటర్‌లోని ఇగ్నైటర్ (స్పార్క్‌ను ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ ముక్క) నుంచే ఆ ముల్లుకు సిగ్నల్ వస్తుంది. ముల్లు చక్రాల వేగంతో పాటు మెల్లగా దిగుతూ ఇంజన్‌లో బలం మాత్రం లేకపోతే పెట్రోల్ అందడం లేదు, మళ్లీ పై రిలే దగ్గరికే వెళ్లండి. స్టార్టర్ కొడుతున్నప్పుడు కూడా ఇదే లెక్క: ముల్లు కాస్తయినా కదలకపోతే ఇగ్నైటర్, కదులుతూ స్టార్ట్ కాకపోతే పెట్రోల్ వైపు.

డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి చూడండి. లోపల తుప్పు రంగు పొడి ఉంటే బేరింగ్ అరిగింది. నూనె ఉంటే షాఫ్ట్ సీల్ పోయింది. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఇగ్నైటర్ ఒక్కటి మార్చి లాభం లేదు. రోటర్ (క్యాప్ లోపల తిరిగే ముక్క), క్యాప్ మార్చడం ఇంట్లో పావుగంట పని. మొత్తం డిస్ట్రిబ్యూటర్ విప్పాల్సి వస్తే ముందు అది ఏ కోణంలో ఉందో హెడ్ మీద గీత పెట్టుకోండి. తిరిగి బిగించాక టైమింగ్ లైట్‌తో స్పార్క్ పడే సమయం చూపించాలి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో కొనేటప్పుడు చవక ఇగ్నైటర్లకు ఆశపడకండి. ఎండ వేడికి ముందు పోయేవి అవే. మంచి స్థితిలో ఉన్న పాత ఒరిజినల్ వాటికంటే నయం.

వేడెక్కుతోంది

టౌన్‌లో సిగ్నల్స్ దగ్గర వేడెక్కి, నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కగానే వేడి చూపే ముల్లు దిగితే అది ఫ్యాన్ సమస్య. రేడియేటర్ ఫ్యాన్ స్విచ్ కనెక్టర్ పీకి, దాని రెండు పిన్నుల్నీ వైరుతో కలిపి తాళం ఆన్ చేయండి. ఫ్యాన్ తిరిగితే స్విచ్ మార్చాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటార్ వరసగా చూడాలి. మోటార్ బ్రష్‌లు అరిగి ఉంటే ఆటో ఎలక్ట్రీషియన్ కొత్తవి వేస్తాడు, మోటార్ మొత్తం కొనక్కర్లేదు.

హైవే మీద వేగంగా పోతున్నప్పుడే వేడెక్కితే గాలైనా తగలడం లేదు, నీళ్లైనా తిరగడం లేదు. కోతలయ్యాక రోడ్ల మీద వడ్లు ఆరబోసే రోజుల్లో పొట్టు, గడ్డి ముక్కలు ఏసీ కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య చేరి మెత్త కట్టినట్టు పట్టేస్తాయి. ముందు నుంచి చూస్తే ఏమీ కనిపించదు. పై బ్రాకెట్లు విప్పి రేడియేటర్‌ను కాస్త వెనక్కి వంచి, ఇంజన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టండి. ప్రెషర్ గన్ పెడితే సన్నటి రేకులు మడతపడిపోతాయి.

ఇక నీళ్లు. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంటే, ఆ బోరు నీళ్లు రేడియేటర్‌లో పోయొద్దు. అదే పొర సన్నటి గొట్టాల లోపల కూడా కడుతుంది. మిషన్ భగీరథ నీళ్లు తాగడానికి మంచివే, ఇంజన్‌కు మాత్రం డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. ఇప్పటికే తుప్పు నీళ్లు ఉంటే హీటర్ లివర్ వేడి వైపు పెట్టి, పాతవి వదిలేసి, తేటగా వచ్చేదాకా కడిగి, కొత్తది నింపండి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) హౌసింగ్ దగ్గర గాలి వదిలే బోల్టు ఉంటుంది. దాన్ని వదులు చేసి బుడగలు లేకుండా ధార వచ్చాక బిగించండి. ఆ తర్వాత ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడవనివ్వాలి. థర్మోస్టాట్ పీకి పారేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. వినకండి. దాన్ని గిన్నెలో వేడి నీళ్లలో వేసి చూస్తే దాదాపు 78 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయండి.

ముల్లు ఎర్ర గీత తాకితే పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, ఆగండి. మూత తెరవొద్దు, వేడి ఇంజన్ మీద చల్లటి నీళ్లు అసలే పోయొద్దు. అల్యూమినియం హెడ్ వంగిపోతే అది ఇంట్లో అయ్యే పని కాదు.

ఐడిల్‌లో ఆర్‌పీఎం పైకీ కిందికీ కొట్టుకుంటోంది

ముందు కూలెంట్ మట్టం చూడండి. గాలి చిక్కుకున్నా సెన్సర్‌కు తప్పు వేడి చేరి ఇలాగే అవుతుంది. అది సరిగా ఉంటే ఎండిపోయిన వాక్యూమ్ పైపులు, చివరికి ఐడిల్ వాల్వ్. వాల్వ్ విప్పి కార్బ్ క్లీనర్‌తో కడిగి, కొత్త ఓ-రింగులు వేసి బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల దారిలో తిరిగే బండికైతే ఎయిర్ ఫిల్టర్‌ను సర్వీసు దాకా ఆగకుండా చూడాలి, ఊక బూడిద అంత సన్నగా ఉంటుంది.

మిస్‌ఫైర్, ప్లగ్ వైరు తీస్తే నూనె

ప్లగ్ గొట్టాల సీళ్లు గట్టిపడి కారుతున్నాయి. వాల్వ్ కవర్ గాస్కెట్, సీళ్లు సెట్‌గా తెచ్చి ఒకేసారి మార్చండి. ప్లగ్ గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు. కవర్ నట్లను బలంగా బిగించకండి, 10 న్యూటన్ మీటర్లు చాలు. కారుతోందని ఇంకా బిగిస్తే కవర్ వంగి ఇంకా కారుతుంది.

టిక్ టిక్ శబ్దం

కవర్ ఎలాగూ తీశారు కాబట్టి ఇదీ చూసుకోండి. ఈ ఇంజన్‌లో హైడ్రాలిక్ ట్యాపెట్లు (గ్యాప్‌ను తమంతట సరిచేసుకునేవి) లేవు, వాల్వు గ్యాప్ చేత్తో పెట్టాల్సిందే. ఇన్‌టేక్ 0.18 నుంచి 0.22, ఎగ్జాస్ట్ 0.23 నుంచి 0.27 మిల్లీమీటర్లు. హెడ్ వేడి 38 డిగ్రీల లోపు ఉన్నప్పుడే కొలవాలి. మేలో మన దగ్గర మధ్యాహ్నం నీడలో నిలబెట్టిన బండి కూడా ఆ లెక్క దాటేస్తుంది. కాబట్టి రాత్రంతా ఆపి, తెల్లవారుజామునే మొదలుపెట్టండి. క్రాంక్‌ను (పిస్టన్లు తిప్పే ఇరుసును) ఎడమకే, అంటే గడియారానికి ఎదురు దిశలో తిప్పాలి. హోండా ఇంజన్ తిరిగేది అటే. ఒకటో సిలిండర్ పైకి వచ్చాక దాని వాల్వులు, సగం చుట్టు తిప్పి మూడోది, తర్వాత నాలుగు, రెండు. శబ్దం లేకుండా చేయాలని మరీ బిగుతుగా పెట్టకండి. కొంచెం టిక్కుమనే వాల్వు పాడవదు, పూర్తిగా మూసుకోని ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది.

వీటెక్ ‘కిక్’ రావడం లేదు

న్యూట్రల్‌లో రేస్ చేసి చూడకండి, ఇంజన్ వేడెక్కి బండి నడుస్తుంటేనే అది పనిచేస్తుంది. మొదట డిప్‌స్టిక్ తీయండి. వీటెక్ నడిచేది ఆయిల్ ఒత్తిడితో. ఆయిల్ తగ్గినా, మడ్డిగా మారినా ఈసీఎం దాన్ని ఆపేస్తుంది. ఆయిల్ సరిగా ఉంటే వీటెక్ సోలనాయిడ్ (కరెంట్‌తో ఆయిల్ దారి తెరిచే వాల్వు) విప్పి గాస్కెట్‌లోని సన్న జాలీ చూడండి, మడ్డి పట్టి ఉంటే కొత్తది వేయండి. సోలనాయిడ్ రెసిస్టెన్స్ 14 నుంచి 30 ఓమ్‌ల మధ్య ఉండాలి.

పెట్రోల్ వాసన

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఈ బండి రబ్బరు పైపులు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పైపు వంచి చూడండి, పగుళ్లు కనిపించినా, మెత్తగా ఉబ్బినా ఇంజెక్షన్ బండ్లకు వాడే హోస్, మంచి క్లిప్పులు వేసి మార్చండి. కార్బురేటర్ పైపు ఆ ఒత్తిడికి ఆగదు. విప్పే ముందు చల్లటి ఇంజన్, తీసేసిన బ్యాటరీ, ఒత్తిడి వదిలేసిన లైను, పక్కనే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. ఫిల్టర్ బోల్టుల వాషర్లు పాతవి మళ్లీ వాడొద్దు.

మలుపులో టకటక

చక్రం వైపు డ్రైవ్ షాఫ్ట్ బూట్ (జాయింట్ మీది రబ్బరు తొడుగు) చిరిగి గ్రీజు బయటికి పోయింది. శబ్దం రాకముందే చిరుగు కనిపిస్తే బూట్, గ్రీజుతో పోతుంది. శబ్దం మొదలయ్యాక జాయింటే మార్చాలి.

శబ్దం, లక్షణం ఏదీ లేకుండా పోయేది: టైమింగ్ బెల్ట్

క్రాంక్‌తో పాటు వాల్వులను సరైన వేళకు నడిపే ఈ బెల్ట్ ముందు చెప్పి తెగదు. ఈ ఇంజన్‌లో బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి. కొన్న పాత బండికి ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకోండి. బెల్ట్‌తో పాటు టెన్షనర్, వాటర్ పంపు, క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు), క్రాంక్ సీళ్లు కూడా మార్పించాలి. క్రాంక్ పుల్లీ బోల్టు విపరీతమైన బిగుతుతో ఉంటుంది కాబట్టి దీన్ని ఇంపాక్ట్ గన్ ఉన్న షెడ్‌కే వదిలేయమంటాను. కానీ పక్కనే నిలబడండి. పుల్లీల మీది టైమింగ్ మార్కులు కలిశాక, కవర్ మూయకముందే, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్లీ మార్కులు చూపించమనండి. తర్వాత పెయింట్ పెన్‌తో కవర్ మీద తేదీ, కిలోమీటర్లు రాయించండి.