ఫోటోషాప్ బుక్కు తప్పా, మన చెయ్యి తప్పా?

మా డిజైన్ షాపులో పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లలో చాలామంది ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ అయిన ఫోటోషాప్ నేర్పే ఏదో ఒక బుక్కు సంకలో పెట్టుకునే వస్తారు. నెల తిరక్కముందే అది మానిటర్ కింద ఎత్తు కోసం పెట్టే దిమ్మ అవుతుంది. "నాకు బుర్ర లేదన్నా" అంటారు. బుర్రకేం, బాగానే ఉంటుంది. బుక్కే వాళ్ల పనికి, వాళ్ల కంప్యూటర్‌లో ఉన్న వెర్షన్‌కి సరిపోయింది కాదు. ఎక్కువగా నా దగ్గరికొచ్చే ఇబ్బందులు, వాటి వెనక సంగతి ఇవీ.

సమస్య: బుక్కులో ఉన్నట్టే చేశా, ఫలితం తిరగబడింది

మొన్న ఒకడు పెళ్లి బ్యానర్ చేస్తూ పిలిచాడు. "అన్నా, షిఫ్ట్ నొక్కి మూల పట్టుకుని లాగమని బుక్కులో ఉంది. అలాగే లాగాను. పెళ్లికొడుకు మొహం గుమ్మడికాయ అయిపోయింది."

వాడు చదివింది నిజమే. ఒకప్పుడు ఫ్రీ ట్రాన్స్‌ఫామ్‌లో, అంటే బొమ్మ సైజు మార్చే కమాండ్‌లో, షిఫ్ట్ నొక్కితేనే బొమ్మ నిష్పత్తి చెడకుండా ఉండేది. 2018 అక్టోబరులో వచ్చిన ఫోటోషాప్ సీసీ 2019 వెర్షన్ నుంచి ఇది తలకిందులైంది. ఊరికే లాగితే నిష్పత్తి నిలుస్తుంది, షిఫ్ట్ నొక్కితే చెడుతుంది. చేసిన పనిని వెనక్కి తీసుకునే కంట్రోల్ జెడ్ (అన్‌డూ) కూడా ఆ వెర్షన్‌లోనే మారింది. అంతకుముందు రెండోసారి నొక్కితే మొదటిది మళ్లీ వచ్చేది. ఇంకా వెనక్కి పోవాలంటే ఆల్ట్ కూడా కలిపి నొక్కాలి. ఇప్పుడు నొక్కిన కొద్దీ వెనక్కే పోతుంది. 2021లో సేవ్ యాజ్ వంతు వచ్చింది. లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు, ఉన్న ఫైలుకి ఆ లిస్టులో మామూలు ఫోటో ఫైలైన జేపెగ్ కనబడక, సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని తీసేసి మళ్లీ ఎక్కించినవాళ్లున్నారు. అది పక్కనున్న సేవ్ ఎ కాపీలోకి వెళ్లింది, అంతే.

బుక్కు కొనేముందు మీ కంప్యూటర్‌లో ఫోటోషాప్ తెరిచి హెల్ప్ మెనూలోకి వెళ్లి వెర్షన్ రాసుకోండి. బుక్కులో అట్ట మీద వెర్షన్ పేరు, లోపల కాపీరైట్ పేజీ రెండూ చూడండి. "పునర్ముద్రణ 2022" అని ఉన్నంత మాత్రాన మురిసిపోవద్దు. అచ్చు కొత్తదైనా లోపలి సరుకు 2012 నాటి సీఎస్6 ది కావచ్చు. పాత బుక్కే ఉంటే, ప్రిఫరెన్సెస్‌లో లెగసీ ఫ్రీ ట్రాన్స్‌ఫామ్, కీబోర్డ్ షార్ట్‌కట్స్‌లో లెగసీ అన్‌డూ ఆన్ చేస్తే పాత పద్ధతి తిరిగొస్తుంది. నేనైతే వద్దంటాను. రేపు వేరే షాపులో కూర్చుంటే మళ్లీ తికమక. దానికంటే బుక్కు అంచున పెన్సిల్‌తో "ఇప్పుడు షిఫ్ట్ వద్దు" అని రాసుకోవడం నయం.

సమస్య: బుక్కులో ఉన్న టూల్ నా దగ్గర లేదు

ముందు టూల్‌బార్‌లో మూలన బుల్లి త్రిభుజం ఉన్న బొమ్మల మీద మౌస్ నొక్కి పట్టుకోండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి. ప్యానెల్సే మాయమైతే విండో మెనూలో వర్క్‌స్పేస్ రీసెట్ చేయండి.

అప్పటికీ లేకపోతే అట్ట మళ్లీ చూడండి. ఫోటోషాప్, ఫోటోషాప్ ఎలిమెంట్స్, లైట్‌రూమ్ మూడూ వేర్వేరు సాఫ్ట్‌వేర్లు. ఎలిమెంట్స్‌లో పెన్ టూల్ లేదు, ప్రెస్‌లో వాడే నాలుగు ఇంకుల రంగుల పద్ధతి, అదే సీఎంవైకే మోడ్, లేదు. దాని బుక్కు పట్టుకుని ప్రెస్‌లో పనికి పోతే ఇరుక్కుంటారు. నేనూ ఇలాంటి తప్పే చేశాను. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దగ్గర చవగ్గా దొరికిందని సీఎస్2 బుక్కు తెచ్చుకున్నాను. చివరి చాప్టర్లన్నీ ఫోటోషాప్‌తో పాటు వచ్చే, వెబ్ బొమ్మలు చేసే ఇమేజ్‌రెడీ గురించి. ఆ ప్రోగ్రామ్‌ని 2007లో సీఎస్3తోనే తీసేశారని ఇంటికొచ్చాక తెలిసింది. త్రీడీ చాప్టర్లు లావుగా ఉన్న బుక్కులదీ ఇప్పుడు అదే గతి.

ఫోటోషాప్ బదులు గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఇంకో చిక్కు. 2012లో వచ్చిన 2.8 వెర్షన్ నుంచి సేవ్ అంటే గింప్ సొంత ఫైలే, జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్. 2025 మార్చిలో 3.0 వచ్చింది కాబట్టి 2.8 నాటి బుక్కు ఇప్పుడు కొనకండి. గింప్‌కి అసలు కొనాల్సిన అవసరమే తక్కువ. అధికారిక మాన్యువల్ ఉచితం, ఎఫ్1 నొక్కితే తెరుచుకుంటుంది.

సమస్య: 300 రిజల్యూషన్ పెట్టమంది, ఫైలు సేవ్ కావట్లేదు

"ప్రింటుకి 300", అంటే అంగుళానికి 300 పిక్సెల్స్ (బొమ్మలోని చుక్కలు), అనే మాట ప్రతి బుక్కులో ఉంటుంది. పత్రికలకి, ఫోటో ప్రింట్లకి అది సరైన మాటే. 35×45 మిల్లీమీటర్ల పాస్‌పోర్టు ఫోటో 300 దగ్గర 413×531 పిక్సెల్స్, హాయిగా ఉంటుంది. ఇదే లెక్క 10×4 అడుగుల ఫ్లెక్సీకి వేయండి. 36,000×14,400 పిక్సెల్స్ వస్తుంది. ఫోటోషాప్ సొంత ఫైలైన పీఎస్‌డీ ఏ వైపూ 30,000 దాటకూడదు. పైగా సీఎంవైకేలో అది ఒక్క లేయర్‌కే 2 జీబీ. మా షాపు కంప్యూటర్ ఫ్యాన్ జెట్ విమానంలా మోగింది కానీ ఫైలు మాత్రం కదల్లేదు. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి 72 చాలు, అంటే 8,640×3,456.

బుక్కు అబద్ధమాడలేదు. అది ఫోటోగ్రాఫర్ల కోసం రాసింది, మన పని ఫ్లెక్సీ. అందుకే ముందుమాటలో "ఈ పుస్తకం ఎవరి కోసం" అన్న పేరా చదవకుండా డబ్బులివ్వకండి. ఫోటోలు దిద్దేవాళ్లు, ప్రెస్ పని చేసేవాళ్లు, వెబ్ డిజైనర్లు ఒకే బుక్కుతో బతకలేరు.

సమస్య: తెలుగు అక్షరాలు విడిపోతున్నాయి, బుక్కులో ఆ ఊసే లేదు

ఉండదు. ఇంగ్లీషు బుక్కులు రాసేవాళ్లకి ఒత్తుల గొడవ లేదు కదా. ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడుతుంటే టెక్స్ట్ ఇంజిన్ తప్పు. సీసీ వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ ఎంచుకోవాలి, కొత్త వాటిలో దీన్ని వరల్డ్ రెడీ అంటున్నారు. తర్వాత పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టాలి. అలా కాకుండా, వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్‌కి డీటీపీ వాళ్లు వాడే పాత తెలుగు ఫాంటైన అను ఫాంట్ పెట్టగానే పిచ్చిగీతలో డబ్బాలో వస్తే అది రెండో జబ్బు. వాట్సాప్‌ది యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత గడి ఉండే పద్ధతి. అను ఫాంట్లలో తెలుగు ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల గడుల్లో కూర్చుని ఉంటాయి. కన్వర్టర్‌లో మార్చుకోండి, లేదా గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర, మండలి, మల్లన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు వాడండి. ఈ ఒక్క విషయానికి బుక్కు వెతక్కండి, పాత డీటీపీ ఆపరేటర్ పక్కన ఒక పూట కూర్చోండి.

సమస్య: బుక్కంతా చదివా, పనొస్తే ఏ పేజీ తీయాలో తెలీదు

అసలు జబ్బు ఇదే. పాఠాలు చెప్పే బుక్కు వేరు, వెతుక్కునే బుక్కు వేరు. మొదటిది వాళ్లిచ్చిన ఫోటోతో ఒకటో మెట్టు నుంచి పదో మెట్టు దాకా నడిపిస్తుంది. యూట్యూబ్ వీడియోలూ అంతే. వాళ్ల ఫోటోలో వచ్చింది మన ఫోటోలో రాదు. మెట్లు గుర్తుంటాయి గానీ ఎందుకెక్కామో గుర్తుండదు. మొదటి రెండు నెలలకి అది మంచిదే. ఆ తర్వాత కావాల్సింది రిఫరెన్స్ బుక్కు, దాని ప్రాణం వెనకున్న ఇండెక్స్‌లో ఉంటుంది.

పుస్తకాల షాపుకి వెళ్లేముందు ఈ వారం మిమ్మల్ని ఏడిపించిన మూడు పనులు చీటీ మీద రాసుకోండి. నా చీటీ ఒకప్పుడు ఇలా ఉండేది: 4×6 పేపర్ మీద 8 పాస్‌పోర్టు ఫోటోలు. తాతగారి ఫోటో మీద పగుళ్లు. పెళ్లికూతురి విడి వెంట్రుకలు తెగకుండా బ్యాక్‌గ్రౌండ్ తీయడం. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీదైనా, బుక్ ఫెయిర్‌లోనైనా ముందు పేజీలు తిప్పకండి. వెనక నుంచి తెరిచి ఈ మూడూ వెతకండి. "మాస్క్" (బొమ్మలో అక్కర్లేని భాగం చెరపకుండా దాచే పద్ధతి) అన్న మాట ఎదురుగా నలభై పేజీ నెంబర్లు వరసగా పోసి ఉంటే ఆ ఇండెక్స్ ఎవరికోసమూ కాదు. మాస్క్ కింద వెంట్రుకలు, అంచులు మెత్తన చేయడం అని విడివిడిగా ఉంటే అది మనలాంటివాళ్లని తలచుకుని చేసింది. ఆ పేజీకి వెళ్లాక, స్లైడర్ ఎంత పెట్టాలో మాత్రమే చెప్పిందా, ఎందుకు పెట్టాలో కూడా చెప్పిందా చూడండి. మూడింటిలో రెండు దొరక్కపోతే పక్కన పెట్టేయండి, బేరం ఆడొద్దు.

ఇంకో రెండు చిన్న సంగతులు. బొమ్మలు నలుపు తెలుపులో వేసిన చౌక ముద్రణలో కలర్ కరెక్షన్ నేర్చుకోలేరు. కమాండ్, ఆప్షన్ అని రాసి ఉంటే అది మ్యాక్ భాష, విండోస్‌లో కంట్రోల్, ఆల్ట్ అని చదువుకోండి.

పాత బుక్కు ఇప్పటికే కొనేసి ఉంటే పారేయకండి. లేయర్లు 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి, వాటి తర్కం ఇప్పటికీ అదే. కర్వ్స్, ఛానెల్స్, మాస్కులు, బ్లెండింగ్ మోడ్స్ చాప్టర్లు ధీమాగా చదవొచ్చు. నా సీఎస్2 బుక్కులో కర్వ్స్ పేజీలు వేలి మరకలతో నల్లబడ్డాయి. ఇమేజ్‌రెడీ పేజీలు మాత్రం ఇంకా కొత్త బుక్కు వాసనే వస్తున్నాయి.