ఏఐ చాట్‌బాట్‌ను నమ్మే ముందు ఎలా పరీక్షించాలి?

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి, చాట్‌బాట్‌ను (ప్రశ్న టైపు చేస్తే జవాబు రాసిచ్చే ప్రోగ్రామ్‌ను) తొలిసారి వాడినవాళ్లు చాలామంది అనే మాట ఒకటే: "ఎంత చక్కగా చెబుతోందో!" నిజమే. చిక్కు కూడా అక్కడే ఉంది. సరైన జవాబు చెప్పినా, లేనిది కల్పించి చెప్పినా దాని ధోరణి మారదు. తడబాటు ఉండదు కాబట్టి తప్పును పట్టుకోవాల్సింది మనమే.

1. మీకు బాగా తెలిసిన సంగతితో మొదలుపెట్టండి. తెలియనిది అడిగితే ఏ జవాబైనా గొప్పగానే కనిపిస్తుంది. మీ వృత్తి గురించో, మీరు క్షుణ్ణంగా చదివిన పుస్తకం గురించో అడగండి. పైపై వివరాలు సరిగ్గా చెప్పి, లోతుకు వెళ్లేసరికి ఎక్కడ తప్పుతోందో మీకే తెలుస్తుంది.

2. ఆధారం అడగండి, దాన్ని వేరే చోట వెతకండి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ముందున్న మాటలను బట్టి తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేస్తూ జవాబు అల్లడమే చాట్‌బాట్ చేసే పని. అందుకే లేని పుస్తకానికి పేరు, రచయిత, పేజీ సంఖ్య కూడా ఇచ్చేస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను కోర్టులో దాఖలు చేశారు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. వారిలో ఒకరు "ఈ కేసు నిజంగా ఉందా?" అని చాట్‌బాట్‌నే అడిగారు, ఉందనే చెప్పింది! జవాబు ఇచ్చినదాన్నే సాక్ష్యం అడిగితే సరిచూసినట్టు కాదు.

3. సరైన జవాబు వచ్చినప్పుడు "కాదు, అది తప్పు" అని చూడండి. కొన్నిసార్లు వెంటనే క్షమాపణ చెప్పి మాట మార్చేస్తుంది. మీతో ఏకీభవించిందంటే మీరు చెప్పింది నిజమని కాదు.

4. ఈమధ్య జరిగినవి అడగండి. బోలెడన్ని రాతలతో చాట్‌బాట్‌కు ఇచ్చిన శిక్షణ ఏదో ఒక తేదీతో ఆగిపోతుంది. వెబ్‌లో వెతికే సౌకర్యం లేకపోతే ఆ తర్వాతి సంగతులు దానికి తెలియవు. ఉన్నా సరే, అది ఇచ్చిన లింకు తెరిచి చదవండి.

5. ఒకే ప్రశ్నను తెలుగులోనూ ఇంగ్లిషులోనూ వేయండి. ఇంగ్లిషుతో పోలిస్తే శిక్షణకు దొరికిన తెలుగు రాత చాలా తక్కువ. తెలుగు సాహిత్యం, ఛందస్సు, సామెతల దగ్గర ఈ కొరత బాగా బయటపడుతుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే లోపం ఇదే.

ఈ పరీక్షల్లో ఎక్కడా పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు, ఇతరుల సొంత విషయాలు టైపు చేయకండి.

ఇంతా చూశాక దేనికి వాడాలో మీకే తేలుతుంది. మీరే ఇచ్చిన పాఠాన్ని కుదించడానికి, ఉత్తరానికి చిత్తుప్రతి రాయించుకోవడానికి, అర్థంకాని భావనను మరోలా చెప్పించుకోవడానికి ధైర్యంగా వాడండి, వచ్చినదాన్ని ఒకసారి చదివి సరిచూసుకోండి. మందు మోతాదు మాత్రం డాక్టరునే అడగండి.