కీళ్లవాతం ఉన్న పిల్లలకు వీఆర్ హెడ్‌సెట్ తగిలించే ముందు

ఫిజియోథెరపిస్టు వీఆర్ (కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని ఆడే వర్చువల్ రియాలిటీ) ఆటలతో వ్యాయామం చేయిద్దామన్నారా? మొదటిరోజుకు ముందే ఇవి చూసుకోండి.

• మెడ. 16 ఏళ్లలోపు మొదలయ్యే జువెనైల్ ఆర్థరైటిస్ (పిల్లల కీళ్లవాతం) మెడ పూసల కీళ్లనూ పట్టగలదు. చాలా హెడ్‌సెట్‌లు అరకిలో దాకా తూగుతాయి. మెడ బిగుసుకున్నా, తిప్పితే నొప్పెట్టినా డాక్టరు చూసి సరేననేదాకా తగిలించొద్దు.

• గడియారం మీ చేతిలో ఉండాలి. ఆటలో పడితే నొప్పి తెలియదు. వీఆర్ బలం అదే, చిక్కూ అదే. "నొప్పొస్తే ఆపేస్తాలే" అన్న మాట నమ్మకండి, పాపం వాళ్లకే తెలీదు. ఆపిన రెండు గంటలకు కూడా నొప్పి ముందుకన్నా ఎక్కువుంటే తర్వాతిసారి ఆట తగ్గించాలి.

• కీలు వాచి వేడిగా ఉన్నరోజు గెంతే, విసిరే ఆటలొద్దు.

• కంటి పరీక్ష వాయిదా పడిందేమో చూడండి. ఈ జబ్బుతో వచ్చే యువైటిస్‌లో (కంటి లోపలి వాపులో) కన్ను ఎర్రబడకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు. చూపు మసకబారితే హెడ్‌సెట్ వల్లేననుకుని వదిలేస్తాం.

• మణికట్టు, వేళ్లు నొప్పిగా ఉంటే చేత్తో పట్టుకునే కంట్రోలర్ పక్కనపెట్టి, చేతి కదలికలనే గుర్తించే ఆట అడగండి.

• ఎప్పుడైనా ఫిట్స్ వచ్చుంటే ముందే చెప్పండి.

• లేచీలేవగానే వద్దు, పొద్దుటి బిగుతు సడలనివ్వండి.