ఇంటి చదువు పిల్లలు కాలేజీ పరీక్షకు కూర్చునే ముందు

మొన్న తెలిసినవాళ్ల అబ్బాయి, కాలేజీకి ముందంతా ఇంట్లోనే చదివినవాడు, మొదటి ఇంటర్నల్ పరీక్షలో సగం పేపరు ఖాళీగా ఇచ్చి వచ్చాడు. రాయని ప్రశ్నలకు జవాబులు బయటికొచ్చాక గడగడా చెప్పేశాడు. మొదటి ప్రశ్న బాగా వచ్చు కదా అని నాలుగు పేజీలు నింపాడట.

పెన్నులు, నిద్ర, టిఫిన్ సంగతి అందరూ చెబుతారు, వదిలేద్దాం. ఈ పిల్లలను ముంచేది ఒకటే: ఇంట్లో గడియారం పెట్టకుండా పరీక్ష రాయించడం. "ఇంకో పావుగంట తీసుకో నాన్నా" అంటాం. పక్కనే కూర్చుని "ప్రశ్న మళ్లీ చదువు" అని అందిస్తాం. హాల్లో ఈ రెండూ ఉండవు.

కాలేజీలో చేరడానికి కొన్ని నెలల ముందే మొదలుపెట్టండి. గంట పరీక్ష, 50 మార్కులు అనుకుంటే మార్కుకు నిమిషం, చివరి 10 నిమిషాలు సరిచూసుకోవడానికి. ప్రతి జవాబు పక్కన మొదలుపెట్టిన టైము, ముగించిన టైము పెన్సిల్‌తో వేయమనండి. ఐదు మార్కుల ప్రశ్న 18 నిమిషాలు మింగేసిందని ఆ అంకెలే చెబుతాయి, మీరు క్లాసు పీకక్కర్లేదు. టైమైతే వాక్యం మధ్యలో ఉన్నా పేపరు తీసేసుకోండి.

ఇక చదివే తీరు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు ఒకే పాఠాన్ని కొందరితో నాలుగుసార్లు చదివించారు. ఇంకొందరితో ఒక్కసారే చదివించి, మూడుసార్లు చూడకుండా రాయించారు. వారం తర్వాత మొదటివాళ్లకు గుర్తున్నది 40 శాతం, రెండోవాళ్లకు 61. ఐదు నిమిషాలకే అడిగితే మాత్రం చదివినవాళ్లదే పైచేయి. పరీక్ష ముందు రాత్రి మళ్లీ మళ్లీ చదివితే పాఠమంతా వచ్చేసినట్టు అనిపించేది అందుకే. పుస్తకం మూయించి రాయించండి, గడియారం పెట్టి.

డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య) లాంటివి ఉండి అదనపు సమయం కావాలంటే పరీక్షకు ముందే కాలేజీకి దరఖాస్తు పెట్టాలి. ఇంట్లో టైముతో పనే పడలేదు గనక చాలామంది దగ్గర ఆ సమస్య ఉందని చూపే కాగితాలే ఉండవు. ఇప్పుడే చూసుకోండి.

నెగటివ్ మార్కులు ఉన్నాయేమో కనుక్కోండి. అవి లేకపోతే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు.

ఓఎంఆర్ షీట్ (జవాబులకు గుండ్రాలు నింపే కాగితం) ప్రింట్ తీసి నింపించండి. ఒక్క వరుస జారితే కిందివన్నీ తప్పే.

లైబ్రరీలో, దగ్గులూ కుర్చీల చప్పుళ్ల మధ్య రాయించండి.

రాసిన పేపరు మీరు దిద్దొద్దు. "వాడి ఉద్దేశం ఇదే" అని మార్కు వేసేస్తారు.

పరీక్ష జరుగుతుండగా ఏదీ విడమర్చి చెప్పొద్దు. ఆ గదిలోనే ఉండొద్దు.

ఫోన్ టైమర్ వద్దు, హాల్లోకి ఫోన్ రానివ్వరు. ముళ్ల వాచీ అలవాటు చేయండి.

వచ్చిన ప్రశ్న ముందు రాయమనండి, దాని నిమిషాలు దానికే.

గడియారం లేకుండా ఇక ఒక్క పరీక్ష కూడా పెట్టొద్దు, పావుగంట స్లిప్ టెస్ట్ అయినా సరే.