సున్నా వ్యర్థాల ధ్రువీకరణ – 4వ పాఠం: గేటు దాటిన తొక్క ఎక్కడికి పోయింది?

ఒక కర్మాగారం రెండు నెలల వ్యర్థంలో మొత్తం మీద ఎంత శాతాన్ని మళ్లించిందో, అంటే పారేయకుండా, కాల్చకుండా మేత, రీసైక్లింగు వంటి వాడకానికి పంపిందో కట్టమని మూడో పాఠం చివర లెక్క ఇచ్చాను. దానికి ఎక్కువ మంది 79 శాతం అని జవాబు రాశారు. ఆ జవాబు తప్పు. తప్పు ఎక్కడ దొర్లిందో తేల్చకుండా ముందుకు పోతే తరువాతి పాఠాలన్నీ దాని మీదే నిలబడవలసి వస్తుంది కాబట్టి, ఈసారి చెప్పదలచుకున్న ప్రమాదకర వ్యర్థాల సంగతిని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

లెక్క ఇది. చిత్తూరు వైపు ఉండే మామిడి గుజ్జు కర్మాగారం ఒకటి ఊహించుకున్నాం. తోతాపురి కాయ దిగే జూలైలో అక్కడ 600 టన్నుల వ్యర్థం పుట్టింది, అందులో 588 టన్నులు మళ్లించారు, అంటే 98 శాతం. పని లేని జనవరిలో 5 టన్నులు పుట్టగా 3 టన్నులు మళ్లించారు, అంటే 60 శాతం. ఈ రెండు శాతాలను కూడి రెండుతో భాగిస్తే 79 వస్తుంది గానీ, 600 టన్నుల నెలకూ 5 టన్నుల నెలకూ సమానమైన విలువ ఇవ్వడం కుదరదు. బరువులను ముందు కూడి, భాగహారం చివర ఒక్కసారే చేయాలి. 591ని 605తో భాగిస్తే 97.7 శాతం. సీజను మీద నడిచే ఏ కర్మాగారానికైనా, అది పత్తి జిన్నింగు మిల్లు అయినా చక్కెర మిల్లు అయినా, పద్ధతి ఇదే.

అయితే 97.7 అని సరిగ్గా రాసినవారిలో కొందరు, “90 దాటింది కనుక ఈ కర్మాగారం ధ్రువీకరణకు అర్హమే” అని చేర్చారు. నన్ను ఎక్కువ కలవరపెట్టినది ఆ వాక్యమే. రెండు నెలల లెక్క చాలదని, పన్నెండు నెలలది కావాలని మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం, దాన్ని అలా ఉంచుదాం. ఆ 588 టన్నులు ఎక్కడికి చేరాయో ఒక్కరూ అడగలేదు. గేటు దాటితే మళ్లించినట్టే అని అందరూ అనుకున్నారు.

అమెరికాకు చెందిన జీబీసీఐ సంస్థ ఇచ్చే ‘ట్రూ’ అనే సున్నా వ్యర్థాల ధ్రువీకరణ నియమం ప్రకారం, ప్రమాదకరం కాని ఘన వ్యర్థాల్లో కనీసం 90 శాతం మూడు చోట్లకు పోకూడదు: డంపింగ్ యార్డుకు, చెత్త కాల్చే కొలిమికి, ఆరుబయటికి. మొదటి రెండూ అందరికీ గుర్తుంటాయి, మూడోదాన్ని మరిచిపోతారు.

కొన్నేళ్ల కిందట ఒక గుజ్జు కర్మాగారంలో లెక్కలు చూస్తూ, తొక్కలు తీసుకుపోయే ట్రాక్టరు వెనక నేను బండి మీద వెళ్లాను. పుస్తకంలో ఆ తొక్కలన్నీ “పశువుల మేతకు” అని రాసి ఉన్నాయి. మొదటి ట్రిప్పు నిజంగానే ఒక పాడి రైతు దొడ్డి దగ్గర ఆగింది, ఆయన తన పశువులకు కావలసినంత దింపించుకున్నాడు. రెండో ట్రిప్పు ఊరి చివర కల్వర్టు దగ్గర ఆగింది. డ్రైవరు ఇంజను కూడా ఆపకుండా తొట్టి పైకి లేపాడు. కిందకు జారిన తొక్కల పక్కనే అంతకుముందు రోజుల కుప్ప నల్లబడి, పులిసిన వాసన కొడుతూ, ఈగలతో కమ్ముకుని ఉంది. దాని నుంచి కారిన నీరు కాలువలో కలుస్తోంది. ఆ డ్రైవరును నిందించి లాభం లేదు. కాంట్రాక్టు ట్రిప్పుకింత అని కుదిరింది కనుక, దగ్గరలో దింపితే రోజుకు నాలుగు ట్రిప్పులు ఎక్కువ పడతాయి.

మన లెక్కలోనూ అలా 70 టన్నులు కల్వర్టు పాలయ్యాయనుకోండి. మళ్లించినది 521 టన్నులే అవుతుంది, 605తో భాగిస్తే 86.1 శాతం. అర్హత పోయినట్టే. తొక్క, టెంక తడి బరువు కావడంతో శాతాన్ని ఎంత సులువుగా పైకి లేపుతాయో, వాటి దారి తప్పితే అంత సులువుగా కిందకు పడేస్తాయి.

గుజ్జును సూక్ష్మక్రిములు చేరకుండా నింపి ఉంచే అసెప్టిక్ సంచుల విషయంలోనూ పొరపాటు ఇలాంటిదే. ప్లాస్టిక్ పొరల మధ్య లోహపు పొర ఉండే ఈ సంచులు చిరిగితే పాత సామాను వ్యాపారి తీసుకుంటాడు, ఆయన దగ్గర నుంచి చివరికి సిమెంటు బట్టీకి చేరతాయి. అది చట్టవిరుద్ధం కాదు. కిలోకు 1500 కిలో కేలరీలు, అంతకు మించి వేడినిచ్చే, రీసైక్లింగుకు పనికిరాని వ్యర్థాన్ని పూడ్చవద్దని, ఇంధనంగా వాడాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే చెప్పాయి. కానీ చట్టం అనుమతించడం వేరు, ధ్రువీకరణలో మళ్లింపుగా లెక్కకు రావడం వేరు. వేడిని వాడుకున్నా సరే, కాల్చినదాన్ని ట్రూ మళ్లింపుగా ఒప్పుకోదు. యూఎల్ అనే మరో ధ్రువీకరణ సంస్థ 2799 ప్రమాణమైతే శక్తిని రాబట్టే దహనాన్ని 10 శాతం వరకు అనుమతిస్తుంది. ఏ ధ్రువీకరణ కోరుతున్నారో ముందే తేల్చుకోకుండా మళ్లింపు లెక్కల పట్టిక మొదలుపెట్టకండి.



ఇక నా పద్ధతి. కంప్యూటరు పట్టిక కంటే ముందు కాటా చీటీలనే నమ్ముతాను. ప్రతి లోడుకూ ఒకే నంబరుతో రెండు చీటీలు ఉండాలి: మన కాటా దగ్గర ఒకటి, తీసుకున్నవారి దగ్గర తూచి సంతకం చేసి పంపినది మరొకటి. రెండోది తిరిగి రాని లోడును నేను మళ్లింపులో కలపను, డబ్బు కూడా ఆ చీటీ చేతికి వచ్చాకే చెల్లించమంటాను. తీసుకున్నవారు దానితో ఏం చేస్తారో, పనికిరానిదని ఎంత పక్కన పడేస్తారో కూడా రాయించుకోవాలి, ఎందుకంటే బయటికి పోయే ఏ సరుకులోనూ కల్తీ, అంటే అందులో కలిసిపోయిన పనికిరాని చెత్త, 10 శాతం మించకూడదని ట్రూ నియమం.

అభ్యాసం: మీ కర్మాగారం నుంచి బరువులో ఎక్కువగా పోయే మూడు రకాల వ్యర్థాలను ఎంచుకోండి. ఒక్కొక్కదాని లోడు ఒకటి చివరి చోటు దాకా వెంబడించండి. మధ్యలో వ్యాపారి గోదాము వస్తే అక్కడ ఆగిపోకండి, అక్కడి నుంచి బయలుదేరే లారీ ఎటు పోతుందో అడిగి అక్కడికీ వెళ్లండి. దీనికి వారం రోజులు పట్టవచ్చు. తిరిగి వచ్చాక నెల రోజుల చీటీలు ముందు పెట్టుకుని, మీరు కళ్లారా చూసిన చోటికీ పుస్తకంలో రాసిన చోటికీ తేడా ఉన్న ప్రతి లోడునూ కొట్టేసి, శాతం మళ్లీ కట్టండి. పాత శాతం, కొత్త శాతం రెండూ రాసి పంపండి.