సవరణ నెగ్గింది, ఇంటి పన్ను ఎందుకు తగ్గలేదు? జార్జియాలో ఇల్లున్నవాళ్లకు సమస్య - పరిష్కారం

అట్లాంటా చుట్టుపక్కల మన వాట్సాప్ గ్రూపుల్లో బతుకమ్మ ఫొటోల మధ్య ఏటా ఒక ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు ఫొటో తప్పకుండా పడుతుంది. దాని కింద ప్రశ్న కూడా ఏటా ఒకటే: "మొన్న సవరణ నెగ్గింది కదండీ, మరి ఇదేంటి?"

2024 నవంబర్ 5న అధ్యక్ష ఎన్నికల బ్యాలెట్ మీదే జార్జియా రాజ్యాంగానికి రెండు సవరణలు ఓటుకొచ్చాయి. సొంతింటి మీద పన్ను వేసే విలువ ద్రవ్యోల్బణాన్ని మించి పెరగకుండా పట్టి ఉంచే మినహాయింపుకు దారి తెరిచింది మొదటిది. దానికి దాదాపు 63 శాతం మంది సరే అన్నారు. రెండోది జార్జియా ట్యాక్స్ కోర్ట్ గురించి. అది దాదాపు 52 శాతంతో గట్టెక్కింది. రెండూ నెగ్గినా చాలా ఇళ్లలో బిల్లు తగ్గలేదు. కారణం మాత్రం ఇంటింటికీ వేరు. మీది ఏదో కింద వెతుక్కోండి.

ముందు బిల్లు తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకోండి. అడుగున ఉన్న మొత్తాన్ని కాసేపు పక్కన పెట్టి వరుసలు చూడండి. కౌంటీకి ఒక వరుస, స్కూళ్లకు ఒకటి, సిటీ హద్దుల్లో ఉంటే సిటీకి ఇంకొకటి. ప్రతి వరుసలో నాలుగు అంకెలు చూడాలి. మార్కెట్ విలువలో 40 శాతం అసెస్డ్ విలువ. అందులోంచి ఎగ్జెమ్షన్, అంటే మినహాయింపు, తీసేస్తారు. మిగిలినదాన్ని మిల్లేజ్ రేటుతో లెక్కకడతారు. ఒక మిల్లు అంటే ప్రతి వెయ్యి డాలర్లకు ఒక డాలర్. ఎగ్జెమ్షన్ అంకె ప్రతి వరుసలో ఒకేలా ఉండదు. మన చిక్కు చాలావరకు అక్కడే ఉంటుంది.

సమస్య: కౌంటీ వరుస ఆగింది, స్కూల్ వరుస మాత్రం పెరుగుతూనే ఉంది

కారణం: సవరణ నెగ్గినంత మాత్రాన అందరికీ మినహాయింపు రాలేదు. బ్యాలెట్ మీది ప్రశ్నలోనే ఒక మెలిక ఉంది. కౌంటీ గానీ, సిటీ గానీ, స్కూల్ సిస్టమ్ గానీ వద్దనుకుంటే బయటికి వెళ్లిపోవచ్చు. దీని వెనకున్న చట్టం హౌస్ బిల్ 581. దాని ప్రకారం బయటికి వెళ్లేవాళ్లు మూడు బహిరంగ విచారణలు పెట్టి, 2025 మార్చి 1 లోపు తీర్మానం చేయాల్సి ఉండింది. స్కూల్ సిస్టములు చాలావరకు ఇలాగే బయటికి వెళ్లాయి. బిల్లులో అన్నిటికన్నా పెద్ద వరుస సాధారణంగా స్కూల్‌దే కాబట్టి, ఓటు వేసినప్పుడు మనం ఊహించుకున్న ఊరటలో సగానికి పైగా అక్కడే పోయింది.

లెక్క చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 2024లో ఇంటి విలువ 5,00,000 డాలర్లు అనుకుందాం. మరుసటి ఏడాది కౌంటీ దాన్ని 5,50,000 చేసింది. లెక్క కోసం ద్రవ్యోల్బణం 3 శాతం అనుకుంటే, కట్టడి చేసిన విలువ 5,15,000. ఆ రెండింటికీ తేడా 35,000. అందులో 40 శాతం, అంటే 14,000 మీకు ఎగ్జెమ్షన్‌గా పడాలి. కౌంటీ రేటు 10 మిల్లులైతే 140 డాలర్లు మిగులుతాయి. స్కూల్ రేటు 17 మిల్లులై, స్కూల్ బోర్డు కూడా లోపలే ఉంటే ఇంకో 238 డాలర్లు మిగిలేవి. బోర్డు బయటికి వెళ్లింది కాబట్టి ఆ వరుసలో మిగిలేది సున్నా.

స్కూళ్ల వాదన కూడా కొట్టిపారేసేది కాదు. టీచర్ల జీతాలు పెరుగుతుంటే రాబడిని ద్రవ్యోల్బణానికి కట్టేస్తే ఎలా అన్నది వాళ్ల ప్రశ్న. మనలో చాలామంది ఆ ఊళ్లో ఇల్లు కొన్నదే స్కూల్ రేటింగ్ చూసి. నాకు నచ్చనిదల్లా ఒకటే. బ్యాలెట్ మీద పొడుగు వాక్యంలో తోకలా వచ్చిన ఆ 'బయటికి వెళ్లొచ్చు' అన్న ముక్క ఎంతమంది కంట పడిందని?

పరిష్కారం: మీ కౌంటీ, సిటీ, స్కూల్ బోర్డు విడివిడిగా లోపల ఉన్నాయా, బయట ఉన్నాయా తెలుసుకోండి. ట్యాక్స్ కమిషనర్ ఆఫీసుకు ఫోన్ చేస్తే చెబుతారు. కౌంటీ బయటికి వెళ్లిందనగానే కంగారు పడొద్దు. ఈ సవరణకు ముందే సొంత కట్టడి ఉన్న కౌంటీలు ఉన్నాయి. గ్విన్నెట్ కౌంటీలో కౌంటీ వరుసకు వాల్యూ ఆఫ్‌సెట్ ఎగ్జెమ్షన్ 2001 నుంచే నడుస్తోంది. అది విలువను ద్రవ్యోల్బణంతో కూడా పెరగనివ్వదు, అంటే కొత్త చట్టం కన్నా మేలే. కాకపోతే స్కూల్ వరుసకు వర్తించదు.

స్కూల్ బోర్డు నిర్ణయం నచ్చకపోతే దారి బోర్డు మీటింగే. గ్రీన్‌కార్డు మీదో, హెచ్‌1బీ మీదో ఉన్నవాళ్లకు ఓటు లేదు. అయితే బహిరంగ విచారణలో లేచి మాట్లాడటానికి ఓటుతో పనిలేదు. కనీసం ఒక విచారణ సాయంత్రం 6, 7 గంటల మధ్య మొదలవ్వాలని చట్టంలోనే ఉంది, ఆఫీసు నుంచి నేరుగా వెళ్లొచ్చు.

ఇదే చట్టంలో ఇంకో మడత ఉంది. పన్ను వేసే కౌంటీ, సిటీలన్నీ ఇలాంటి కట్టడిలో ఉంటేనే, ఇంటి పన్ను తగ్గించడానికని ఒక శాతం దాకా కొత్త సేల్స్ ట్యాక్స్ అడగొచ్చు. దానికి మళ్లీ స్థానిక ఓటు కావాలి. కొన్ని కౌంటీలు లోపలే ఉండటానికి ఇదీ ఒక ఆశ.

సమస్య: పక్కింటికి మినహాయింపు వచ్చింది, మనకు రాలేదు

కారణం: నూటికి తొంభై సార్లు హోమ్‌స్టెడ్, అంటే సొంతింటి మినహాయింపు, దరఖాస్తు వేసి ఉండరు. క్లోజింగ్ రోజు, అంటే ఇల్లు మన పేరున మారే రోజు, అన్ని కాగితాల మీద సంతకాలు పెట్టాం కాబట్టి ఇదీ అందులోనే అయిపోయి ఉంటుందనుకుంటాం. అవ్వదు. క్లోజింగ్ లాయర్ వేయడు, బిల్డర్ వేయడు, మనమే వేసుకోవాలి.

పరిష్కారం: జనవరి 1 నాటికి ఇల్లు మీ పేరున ఉండి, మీరు అందులోనే కాపురం ఉండాలి. ఏప్రిల్ 1 లోపు దరఖాస్తు వేసేస్తే ఏ పేచీ ఉండదు. డ్రైవింగ్ లైసెన్స్ మీదా, కారు రిజిస్ట్రేషన్ మీదా కొత్త అడ్రస్ ముందే మార్పించుకోండి. పాత అపార్ట్‌మెంట్ అడ్రసున్న లైసెన్స్ పట్టుకెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు మన గ్రూపులోనే ఉన్నారు. వీసా మీద ఉన్నవాళ్లు ఏ పత్రాలు కావాలో కౌంటీని ముందే అడగండి.

దరఖాస్తు ఆలస్యమైతే పోయేది ఆ ఏడాది డబ్బు ఒక్కటే కాదు. కట్టడి ఏ ఏడాది విలువ నుంచి లెక్కిస్తారో అది బేస్. 2024లో మినహాయింపు ఉన్నవాళ్లకు బేస్ 2024 విలువే. 2026కి కొత్తగా వేసుకున్నవాళ్లకు బేస్ 2025 విలువ. ఒక ఏడాది వాయిదా వేస్తే ఆ ఏడు పెరిగిన విలువ బేస్‌లోనే కూర్చుంటుంది.

అద్దెకిచ్చిన రెండో ఇంటికి ఇది రాదు. భర్త పేరున ఒకటి, భార్య పేరున ఒకటి అని రెండిళ్లకు వేయడమూ కుదరదు. పెద్దింట్లోకి మారి పాతింటిని అద్దెకిస్తే, దాని మీది హోమ్‌స్టెడ్ తీసేయమని మీరే చెప్పాలి. ఊరుకుంటే తర్వాత పెనాల్టీతో వసూలు చేస్తారు.

సమస్య: కొన్న మొదటి ఏడాది తక్కువొచ్చింది, రెండో ఏడాది నెల కిస్తీ ఒక్కసారిగా ఎగిరింది

కారణం రెండు రకాలు. కొత్త ఇల్లయితే, జనవరి 1న అక్కడ ఏముందో దానికే ఆ ఏడాది పన్ను. ఆ రోజుకి ఎర్రమట్టి, నాలుగు కొయ్యలే ఉంటే బిల్లు స్థలానికే వస్తుంది. బ్యాంకు ఆ చిన్న అంకె చూసుకుని ఎస్క్రోలో, అంటే పన్ను కట్టడానికి కిస్తీతో పాటు పట్టుకునే ఖాతాలో, తక్కువ పట్టుకుంటుంది. మరుసటి ఏడాది మొత్తం ఇంటికి బిల్లు వస్తే పాత లోటూ కొత్త పన్నూ కలిపి కిస్తీ మీద పడతాయి. గృహప్రవేశం పెళ్లంత ఘనంగా చేసిన మా స్నేహితుడొకడు, పద్నాలుగు నెలల తర్వాత వచ్చిన ఎస్క్రో ఉత్తరం చూసి బ్యాంకు వడ్డీ పెంచేసిందనుకున్నాడు. ఫిక్స్‌డ్ రేటు లోన్ అది, వడ్డీ కదల్లేదు.

పాత ఇల్లయితే అమ్మినవాళ్ల వయసు అడగండి. ఫోర్సైత్ కౌంటీలో 65 నిండినవాళ్లకు, కాబ్ కౌంటీలో 62 నిండినవాళ్లకు స్కూల్ పన్ను మినహాయింపు ఉంది. వాళ్ల బిల్లు చూసి ఇంతే కదా అనుకుని కొంటే, అమ్మగానే ఆ మినహాయింపు వాళ్లతోనే పోతుంది. కొత్త చట్టంలోని కట్టడి కూడా అంతే. కొన్నవాళ్లకు పాత బేస్ రాదు.

పరిష్కారం: లిస్టింగ్‌లో కనిపించే పాత బిల్లును నమ్మకండి. మీరు కొనే ధరలో 40 శాతం తీసుకుని, ఆ ఊరి మిల్లేజ్‌తో మీరే లెక్కేసుకోండి. కొత్త ఇంటివాళ్లు మొదటి ఏడాదే ఆ తేడా నెలనెలా పక్కన పెట్టుకుంటే ఎస్క్రో ఉత్తరం చూసి టెన్షన్ పడరు.

సమస్య: కట్టడి ఉంది, అయినా విలువ దాన్ని దాటిపోయింది

బేస్‌మెంట్ చేయించారా? థియేటర్ రూమ్, అమ్మానాన్నలు వస్తే ఉండటానికి ఒక బెడ్‌రూమ్, బాత్‌రూమ్... పర్మిట్ తీసుకున్నారంటే కౌంటీకి తెలిసినట్టే. కొత్తగా కట్టిన భాగం విలువ బేస్‌కు కలుస్తుంది, అది న్యాయమే. మీ ఇంటి వివరాలు కౌంటీ రాసుకున్న ప్రాపర్టీ రికార్డు కార్డు తెప్పించి, చేసిన పనికన్నా ఎక్కువ రాశారేమో మాత్రం చూడండి. కార్డులో తప్పుంటే కింది దారి ఉంది.

సమస్య: అసలు కౌంటీ వేసిన విలువే తప్పు

కారణం: కౌంటీ ఇంటింటికీ వచ్చి చూడదు. చుట్టుపక్కల అమ్మకాలను బట్టి వందల ఇళ్లకు ఒకేసారి విలువ కడుతుంది. రికార్డు కార్డులో బాత్‌రూమ్ ఒకటి ఎక్కువ పడినా, ఖాళీ బేస్‌మెంట్‌ను పూర్తయినట్టు రాసినా మీ ఇల్లు కాగితం మీద ఖరీదవుతుంది.

పరిష్కారం: చాలామంది బిల్లు వచ్చాక మేల్కొంటారు. అప్పటికే ఆలస్యం. వేసవికి ముందో, మొదట్లోనో వార్షిక అసెస్‌మెంట్ నోటీసు వస్తుంది. "ఇది పన్ను బిల్లు కాదు" అని దాని మీద రాసి ఉంటుంది. ఆ మాట చూసే మనవాళ్లు దాన్ని జంక్ మెయిల్‌తో పాటు పడేస్తారు. నోటీసు మీద ఉన్న తేదీ నుంచి 45 రోజులే గడువు. అప్పీల్‌కు ఫీజు లేదు. బోర్డ్ ఆఫ్ ఈక్వలైజేషన్‌ను ఎంచుకుంటే అదే కౌంటీ పౌరులు ముగ్గురు కూర్చుని వింటారు. లాయర్ అక్కర్లేదు.

తీసుకెళ్లాల్సినవి మూడు. తప్పులకు గీతలు పెట్టిన రికార్డు కార్డు. జనవరి 1కి ముందు అమ్ముడైన, మీలాంటి ఇళ్ల వివరాలు మూడో నాలుగో. రిపేర్లుంటే ఫొటోలు, కొటేషన్లు. "మా జీతాలు పెరగలేదండీ" అంటే వాళ్లు చేయగలిగింది లేదు. వాళ్లు తేల్చేది విలువ ఒక్కటే. అప్పీల్ నడుస్తున్నప్పుడు తాత్కాలిక బిల్లు వస్తుంది, అది గడువులోపు కట్టేయండి. అప్పీల్‌లో విలువ తగ్గితే తర్వాతి రెండేళ్లు సాధారణంగా పెంచకూడదు. అప్పీల్ వేసి విలువ తగ్గకపోయినా ఈ రక్షణ వస్తుందని పాత సలహాలు తిరుగుతున్నాయి. హౌస్ బిల్ 581 ఆ వెసులుబాటు తీసేసింది.

ఇదంతా మనకు కొత్తగా అనిపించడానికి ఒక కారణం ఉంది. హైదరాబాద్‌లో ఇంటి పన్ను అద్దె విలువ మీద వేస్తారు, మార్కెట్ ధర పెరిగితే బిల్లు కదలాలని లేదు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి మూలధన విలువకు మారారు గానీ, ఏడాదికి 15 శాతం దాటి పెంచకూడదని హద్దు పెట్టారు. జార్జియా సవరణలో ఉన్నది ఆ హద్దు లాంటిదే. ఇంకా బిగుతుగా ఉంది, కాకపోతే ఇష్టమైనవాళ్లకే.

సమస్య: "రేటు మార్చలేదు" అంటారు, నోటీసులో మాత్రం "పన్ను పెంపు" అని ఉంది

రెండూ నిజమే. విలువలు పెరిగినప్పుడు అదే రేటు ఉంచితే ఎక్కువ వసూలవుతుంది. అదనపు రాబడి రాకుండా రేటును రోల్‌బ్యాక్ దాకా తగ్గించకపోతే, దాన్ని పన్ను పెంపు అనే ప్రకటించి మూడు విచారణలు పెట్టాలి. మీ ఇంటి విలువ మీద ఇక్కడ వాదించి లాభం లేదు, రేటు మీదే మాట్లాడండి.

సమస్య: "ట్యాక్స్ కోర్ట్ వచ్చిందిగా, అక్కడే కేసు వేస్తా"

కారణం: రెండు సవరణలు ఒకే బ్యాలెట్ మీద పక్కపక్కన ఉండటంతో రెండోదీ ఇంటి పన్ను కోసమేనని అనుకున్నారు. 2013లో జార్జియాలో ట్యాక్స్ ట్రిబ్యునల్ మొదలైంది. రాష్ట్ర రెవెన్యూ డిపార్ట్‌మెంట్‌తో ఆదాయపు పన్ను, సేల్స్ ట్యాక్స్ లాంటి వాటి మీద వచ్చే తగాదాలు అది చూసేది. అయితే అది కార్యనిర్వాహక శాఖ కింద నడిచేది, అసలు కోర్టు కాదు. ఒక చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని తేల్చే అధికారం దానికి ఉండేది కాదు. తీర్పు నచ్చకపోతే ముందు సుపీరియర్ కోర్టుకు పోవాల్సి వచ్చేది. దాని స్థానంలో న్యాయాధికారం ఉన్న కోర్టు పెట్టాలంటే రాజ్యాంగాన్నే మార్చాలి, అందుకే రెండో సవరణ. కొత్త కోర్టు 2026లో మొదలయ్యేలా చట్టం చేశారు. దాని తీర్పు మీద అప్పీల్ నేరుగా కోర్ట్ ఆఫ్ అప్పీల్స్‌కు వెళ్తుంది.

పరిష్కారం: కాగితం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చూడండి. కౌంటీ అసెసర్ నుంచి వస్తే మొదటి మెట్టు కౌంటీలోనే, 45 రోజుల్లో. బోర్డు తీర్పు కూడా నచ్చకపోతే సుపీరియర్ కోర్టుకు 30 రోజులు. రాష్ట్ర రెవెన్యూ డిపార్ట్‌మెంట్ నుంచి, ఉదాహరణకు రెండు రాష్ట్రాల్లో పనిచేసిన ఏడాది ఆదాయం మీద నోటీసు వస్తే, ట్యాక్స్ కోర్ట్ మాట అప్పుడు ఎత్తాలి. అలాంటప్పుడు సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) ఫీజు దండగ అనుకోకండి.

ఇంట్లోంచే చిన్న కంపెనీ నడుపుతున్నవాళ్లకు అదే బ్యాలెట్ మీద ఇంకొకటి నెగ్గింది, రెఫరెండం ఏ. కంప్యూటర్లు, సామాన్ల లాంటి వ్యాపార ఆస్తి మీద మినహాయింపు 7,500 నుంచి 20,000 డాలర్లకు పెరిగింది. కౌంటీ నుంచి ఆ ఆస్తి వివరాలు అడిగే ఫారం వస్తే, విలువ తక్కువే కదా అని పారేయకుండా నింపి పంపండి.